కుడి అంచున వేలాడే కారణాలు

లేటెక్‌లో గణితం టైప్ చేసేవాళ్లలో ఒక అలవాటు దాదాపు ధర్మసూత్రంగా స్థిరపడిపోయింది. సమానతల గొలుసు ఏదైనా ఎదురైతే దాన్ని అలైన్ ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టాలి. సమాన చిహ్నాలన్నీ ఒకదాని కింద ఒకటి రావాలి. ఆపైన ప్రతి వరస చివరా రెండు ఆంపర్‌సాండ్లు కొట్టి, టెక్స్ట్ కమాండులో ఆ వరసకు కారణం రాయాలి: ‘నిర్వచనం ప్రకారం’, ‘విభాగ న్యాయం వల్ల’, ‘(3) నుంచి’. ఎడమవైపు లెక్క, కుడివైపు కారణం, రెండూ నిటారుగా నిలబడితే నిరూపణ అద్దంలా కనిపిస్తుందని, పాఠకుడికి ఇంతకన్నా చేయగల మేలు లేదని థీసిస్ రాసే విద్యార్థికి బోధిస్తారు. పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లూ అదే నమ్ముతారు. ఈ నమ్మకం తప్పని నా వాదన. కారణం ఏ ఒక్క వరసకూ చెందదు. ఒక వరస నుంచి మరో వరసకు వేసిన అడుగుకు చెందుతుంది. అందుకే దాని చోటు రెండు వరసల మధ్య. చాలాసార్లు అసలు ఆ సమీకరణాల బయట, మామూలు వాక్యంలో. కుడి అంచు కాలమ్‌కు న్యాయంగా దక్కవలసిన సరుకు వేరే ఉంది, దాని సంగతి తర్వాత చూద్దాం.

ముందు ఈ అలవాటుకు బలం ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. డొనాల్డ్ నూత్ తయారుచేసిన టెక్ మీద, అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ కోసం మైకేల్ స్పివాక్ ఏఎంఎస్-టెక్‌ను రూపొందించాడు. అందులోని గణిత సౌకర్యాలు 1990లో ఏఎంఎస్-లేటెక్‌గా లేటెక్ వాడకందార్లకు అందాయి. ఈనాడు అందరూ వాడే ఏఎంఎస్‌మ్యాథ్ ప్యాకేజీ దాని వారసత్వమే. ఆ ప్యాకేజీ యూజర్ గైడులో అలైన్ గురించి చెప్పేచోట ఒక మూడు వరసల ఉదాహరణ ఉంది. మొదటి రెండు వరసల పక్కన వేరే సమీకరణాల సంఖ్యలు, మూడో వరస పక్కన ఒక స్వీకృతం సంఖ్య, కారణాలుగా అచ్చయి ఉంటాయి. సొసైటీ గైడే ఇలా చూపించాక ఇక మాట్లాడేదేముందని చాలామంది అక్కడే ఆగిపోతారు. కానీ ఆ ఉదాహరణను ఒక్కసారి చదివి చూడండి. అందులోని సమీకరణాలకు అర్థం లేదు. ప్రైమ్‌లు, నక్షత్రాలు తగిలించిన అక్షరాలు ఊరికే వరసల్లో నిలబడి ఉంటాయి. కాలమ్‌లను ఎలా విడదీయాలో చూపించడానికి పెట్టిన నమూనా అది. పనిముట్టు ఏమి చేయగలదో చెప్పిందే తప్ప, నిరూపణను ఎలా రాయాలో చెప్పలేదు. మాన్యువల్‌లో కనిపించినదల్లా ఆచారమైపోవడం లేటెక్ లోకంలో కొత్త కాదు. లెస్లీ లాంపోర్ట్ 1986 నాటి పుస్తకంలో వరస సమీకరణాలకు ఈక్యూఎన్ఎర్రే అనే ఎన్విరాన్‌మెంట్ ఉంది. సమాన చిహ్నానికి ఇరువైపులా అది మామూలుకన్నా ఎక్కువ ఖాళీ వదులుతుంది. సమీకరణం పొడవైతే దాని సంఖ్యను సమీకరణం మీదే అచ్చువేస్తుంది. అయినా జనం దశాబ్దాల తరబడి దాన్ని వదల్లేదు. వదలమని చెప్పడానికి లార్స్ మాడ్‌సెన్ ప్రత్యేకంగా ఒక వ్యాసమే రాయవలసి వచ్చింది.

గైడు మాటే ప్రమాణం అంటే దానికన్నా పాత ప్రమాణం ఇంకొకటి ఉంది. నూత్ 1984లో ప్రచురించిన ‘ది టెక్‌బుక్’లో, వరుసలో నిలబెట్టిన రెండు సమీకరణాల మధ్య ఒక మాటను చొప్పించి, సమాన చిహ్నాల వరుస మాత్రం చెదరకుండా చూసే పద్ధతి ఉంది. నోఎలైన్ కమాండు చేసే పని అది. ఏఎంఎస్‌మ్యాథ్‌లో దాన్నే ఇంటర్‌టెక్స్ట్ అనే పేరుతో ఇంకా సులువు చేశారు. అంటే పనిముట్లలో రెండు దారులూ మొదటి నుంచీ ఉన్నాయి. జనం ఒకదాన్నే పట్టుకుని, అదే స్పష్టత అని పేరు పెట్టుకున్నారు.

ఇక అసలు విషయం. త్రిభుజ అసమానతనే తీసుకుందాం: రెండు సదిశల మొత్తం నార్మ్, వాటి నార్మ్‌ల మొత్తాన్ని మించదు. డిగ్రీ పుస్తకాలన్నిటిలో ఉండే నిరూపణ ఇలా సాగుతుంది. మొత్తం నార్మ్ వర్గం రాస్తాం. అది ఆ మొత్తానికి దానితోనే తీసుకున్న ఇన్నర్ ప్రొడక్ట్‌కు సమానం. విస్తరిస్తే రెండు నార్మ్‌ల వర్గాలు, మధ్యలో ఇన్నర్ ప్రొడక్ట్ వాస్తవ భాగానికి రెట్టింపు వస్తాయి. వాస్తవ భాగం పరమ మూల్యాన్ని మించదు. ఆ పరమ మూల్యం నార్మ్‌ల లబ్ధాన్ని మించదు. మిగిలింది రెండు నార్మ్‌ల మొత్తానికి వర్గం. ఇందులో ఆరు రాశులున్నాయి, వాటిని కలిపే గుర్తులు ఐదు: మూడు సమానతలు, రెండు అసమానతలు. కారణం అవసరమయ్యేది ఈ ఐదు గుర్తులకే. రాశి అనేది దానంతట అది నిజమూ కాదు, అబద్ధమూ కాదు. దానికి కారణం చెప్పడమంటూ ఉండదు. ఇప్పుడు దీన్ని అలైన్‌లో పెట్టి ప్రతి వరస పక్కనా కారణం రాయండి. మొదటి వరసలో రెండు రాశులూ ఆ వరసలోనే ఉన్నాయి కాబట్టి పక్కనున్న ‘నిర్వచనం’ ఆ వరస లోపలి గుర్తును సూచిస్తుంది. రెండో వరస నుంచి ఎడమవైపు ఖాళీ. అక్కడి కారణం సూచించేది పైవరసలోని రాశిని ఈ వరసలోని రాశితో కలిపే గుర్తును. ఒకే కాలమ్, పైన ఒక అర్థం, కింద ఇంకో అర్థం. దీనికితోడు కొందరు రచయితలు ఈ వరస నుంచి కింది వరసకు ఎలా వెళ్తున్నారో ఈ వరస పక్కనే రాస్తారు. ‘కోషీ-ష్వార్జ్ అసమానత వల్ల’ అన్న మాట పరమ మూల్యం ఉన్న వరస పక్కన కనిపిస్తే, అది ఆ వరసకు చేరడానికి వాడారా, అక్కడి నుంచి దిగడానికి వాడారా? విషయం తెలిసినవాడు సరిదిద్దుకుని చదువుతాడు. నిరూపణను మొదటిసారి చూస్తున్న విద్యార్థికి మాత్రం తేలదు, ఆ కారణాలు రాసిందేమో వాడి కోసమే.

దీనికి వెంటనే వచ్చే జవాబు సంప్రదాయం. యూక్లిడ్ ‘ఎలిమెంట్స్’కు థామస్ హీత్ 1908లో వేసిన ఇంగ్లీషు అనువాదంలో పంక్తుల చివర చదరపు బ్రాకెట్లలో ఆధార ప్రతిపాదనల సంఖ్యలున్నాయి కదా? అమెరికా హైస్కూళ్లలో రేఖాగణితాన్ని 20వ శతాబ్దం తొలినాళ్ల నుంచీ ప్రవచనం ఒక కాలమ్‌లో, కారణం ఇంకో కాలమ్‌లో పెట్టే నేర్పుతున్నారు కదా? మన తొమ్మిదో తరగతి పుస్తకంలో కూడా కోణాల సమానత పక్కన ‘శీర్షాభిముఖ కోణాలు’ అని బ్రాకెట్లో ఉంటుంది కదా? ఉన్న మాటే. పైగా తర్కశాస్త్రంలో ఇంకా గట్టి ఉదాహరణ ఉంది. ఫ్రెడరిక్ ఫిచ్ 1952 పుస్తకంతో ప్రచారంలోకి వచ్చిన నిరూపణ పద్ధతిలో ప్రతి వరసకూ ఎడమ పక్క ఒక సంఖ్య, కుడి పక్క ఏ వరసల మీద ఏ నియమం వాడారో ఆ వివరం ఉండి తీరాలి. కానీ వీటన్నిటిలో సమానంగా ఉన్న ఒక లక్షణాన్ని గమనించాలి. ప్రతి వరసలోనూ ఒక పూర్తి ప్రవచనం ఉంటుంది. ‘ఈ కోణం ఆ కోణానికి సమానం’ అన్నది ఒక ప్రవచనం. దానికి కారణం ఉంటుంది, ఆ కారణం దాని పక్కనే ఉండవచ్చు. ఫిచ్ పద్ధతిలో ఏడో వరస రెండో వరస నుంచీ ఐదో వరస నుంచీ రావచ్చు, పైనున్న ఆరో వరసతో దానికి ఏ సంబంధమూ లేకపోవచ్చు. అలాంటప్పుడు ‘మధ్య’ అనే చోటే ఉండదు. సమానతల గొలుసు ఆ జాతి కాదు. అక్కడ మొదటి వరస తప్ప ఏ వరసా పూర్తి ప్రవచనం కాదు, పైవరస నుంచి వేలాడే తోక. ప్రవచనాల జాబితా కోసం పుట్టిన అమరికను తెచ్చి గొలుసుకు తొడిగి, యూక్లిడ్ పేరు చెబితే సరిపోదు.

గొలుసును గొలుసుగా గుర్తించినవాళ్లు ఏం చేశారో కూడా చూడాలి. ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా, కారెల్ షోల్టెన్ కలిసి 1990లో ప్రచురించిన ప్రెడికేట్ కాలిక్యులస్ పుస్తకంలో నిరూపణలన్నీ ఒకే తీరులో ఉంటాయి. ఒక వరసలో రాశి. దాని కింది వరసలో సమాన చిహ్నం, ఆ చిహ్నం పక్కన మీసాల బ్రాకెట్లలో కారణం. దాని కింద తర్వాతి రాశి. ఈ తీరు విమ్ ఫైయెన్ సూచించినదని డైక్‌స్ట్రా చెప్పుకున్నాడు. ఇందులో గుర్తుకు సొంత వరస దొరికింది, కారణం ఆ గుర్తుకే అంటుకుని ఉంది, ఏది ఏ అడుగుకు చెందుతుందో అనే ప్రశ్నే తలెత్తదు. కారణానికి పేజీ వెడల్పంతా అందుబాటులో ఉంది కాబట్టి ఒక పదంతో సరిపెట్టనక్కర లేదు. కంప్యూటర్‌తో నిరూపణలు సరిచూసే అగ్డా భాషలో సమానతల గొలుసు రాసే పద్ధతీ ఇదే: రెండు రాశుల మధ్య, గుర్తు లోపలే కారణం కూర్చుంటుంది. అదే పని చేసే లీన్ భాష సంగతేమిటని అడగవచ్చు. అందులోని కాల్క్ విభాగంలో కారణం నిజంగానే వరసకు కుడివైపు వస్తుంది. అయితే లీన్ రెండో వరస నుంచి ఎడమవైపును ఖాళీగా వదలదు. అక్కడ ఒక అండర్‌స్కోర్ పెట్టిస్తుంది, ‘పైవరసలోని రాశి ఇక్కడ ఉన్నట్టే’ అని దాని భావం. అంటే వరసను ముందు పూర్తి ప్రవచనంగా మార్చి, తర్వాతే దాని పక్కన కారణానికి చోటిచ్చింది. నా వాదనకు యంత్రం ఇచ్చిన సాక్ష్యంగానే దీన్ని తీసుకుంటాను.

ఇంతవరకూ తర్కం. అచ్చులో జరిగేది ఇంకా తమాషాగా ఉంటుంది. అలైన్ ఎన్విరాన్‌మెంట్‌ను పక్కపక్కన అనేక సమీకరణాలు పెట్టడానికి తయారుచేశారు. దానికి కాలమ్‌లు జతలుగా కనిపిస్తాయి: ప్రతి జతలో మొదటిది కుడికి ఒదిగేది, రెండోది ఎడమకు ఒదిగేది. మీరు రెండు ఆంపర్‌సాండ్లు కొట్టి కారణం రాస్తే, అలైన్ దృష్టిలో అది కారణం కాదు. ఎడమ భాగం ఖాళీగా ఉన్న రెండో సమీకరణం. అందుకే దాన్ని సమీకరణంగానే మర్యాద చేస్తుంది. వరస వెడల్పులో మిగిలిన ఖాళీని రెండు అంచులకూ, రెండు జతల మధ్యకూ సమానంగా పంచుతుంది. ఆర్టికల్ క్లాసులో 10 పాయింట్ల అక్షరంతో వరస వెడల్పు 345 పాయింట్లు, అంటే సుమారు 12 సెంటీమీటర్లు. సంఖ్యలు లేని అలైన్‌లో మీ సమీకరణాల వెడల్పు 160 పాయింట్లు అనుకోండి. ఒంటరిగా ఉంటే అవి ఎడమ అంచు నుంచి 92.5 పాయింట్ల దూరంలో మొదలవుతాయి. పక్కన 65 పాయింట్ల కారణం చేర్చగానే మిగిలిన 120ని మూడు భాగాలు చేస్తారు, సమీకరణం 40 దగ్గరికి జరుగుతుంది. ఎప్పుడో ఒక వరసలో ‘విభాగ న్యాయం వల్ల’ అన్నదాన్ని ఇంకాస్త వివరంగా రాసి 125 పాయింట్లు చేశారా, సమీకరణాల గుంపంతా 20కి జరిగిపోతుంది. ఒక్క వరస కారణంలో రెండు మాటలు పెరిగితే ఆరు వరసల గణితం ఎడమకు కదులుతుంది. ఒకే పేజీలో కారణాలున్న గొలుసు ఒకచోట, లేని గొలుసు ఇంకోచోట, పొడవు కారణాల గొలుసు మరోచోట నిలబడతాయి. వరుస కోసమే అలైన్ వాడినవాడికి పేజీ మీద చివరికి దక్కేది ఇదీ.

పైగా ఆ కారణం విరగదు. టెక్స్ట్ కమాండు దాన్ని ఒక పెట్టెలో బిగిస్తుంది, పెట్టెలో ఉన్నది రెండో వరసలోకి దిగదు. వరసలకు సంఖ్యలుంటే అవీ కుడి అంచునే నిలబడతాయి. కారణం, సంఖ్య ఒకే చోటు కోసం పోటీ పడతాయి, చోటు చాలకపోతే సంఖ్య కిందికి దిగిపోతుంది. రెండు కాలమ్‌ల జర్నల్ అయితే చెప్పనే అక్కర లేదు: ఐట్రిపుల్‌ఈ క్లాసులో కాలమ్ వెడల్పు 252 పాయింట్లు మాత్రమే. ఈ ఇరుకులో రచయిత చేసే పని ఏమిటంటే కారణాన్ని కుదించడం. ‘మూడో అధ్యాయంలో నిరూపించిన ఏకరూప అభిసరణ ఇక్కడ సమాకలనాన్ని, అవధిని తారుమారు చేయనిస్తుంది’ అని చెప్పవలసినచోట ‘(3.7) వల్ల’ అని మిగులుతుంది. డేవిడ్ మెర్మిన్ 1989లో ‘ఫిజిక్స్ టుడే’లో సమీకరణాలు రాసే తీరు మీద రాసిన వ్యాసంలో, సమీకరణాన్ని వట్టి సంఖ్యతో పిలవకుండా అదేమిటో ఒక మాటలో గుర్తుచేయాలని కోరాడు. పేజీలు వెనక్కి తిప్పే బాధ పాఠకుడికి తప్పించాలన్నది అందులోని ఉద్దేశం. కుడి కాలమ్ స్వభావమే ఆ మర్యాదకు వ్యతిరేకం. కష్టమైన అడుగుకు ఎక్కువ మాటలు కావాలి, ఆ కాలమ్ అన్ని అడుగులకూ ఒకే కొలత చోటు ఇస్తుంది.

ఈ ఇరుకును దాటడానికి పుట్టిన చిట్కాలు ఇంకో కథ. కొందరు పార్‌బాక్స్ తెచ్చి కారణాన్ని అందులో మూడు వరసలుగా విరుస్తారు. అప్పుడు గణితం వరసల మధ్య దూరాలు పళ్లూడిన దువ్వెనలా తయారవుతాయి. కొందరు కారణాన్ని ట్యాగ్ కమాండులో పెట్టేస్తారు, కుడి అంచుకు చక్కగా అతుక్కుంటుంది కాబట్టి. ట్యాగ్ అనేది సమీకరణానికి పేరు. తర్వాత ఎవరైనా ఆ సమీకరణాన్ని పిలవాలంటే ‘త్రిభుజ అసమానత’ అనే కారణమే పేరుగా వచ్చి కూర్చుంటుంది. వీటన్నిటిలో నాకు కొంత గౌరవం ఉన్నది ఒక్కదాని మీదే. సమాచార సిద్ధాంతం పత్రాల్లో సమాన చిహ్నం నెత్తిన చిన్నగా బ్రాకెట్లో ఒక అక్షరం పెట్టి, గొలుసు అయిపోయాక ‘ఇందులో మొదటి గుర్తుకు ఆధారం ఇది, రెండోదానికి ఇది’ అని వాక్యంలో వివరిస్తారు. ఓవర్‌సెట్ కమాండుతో చేసే పని. అక్షరం ఎక్కిన గుర్తు వెడల్పై పక్క వరసల గుర్తులతో వరుస తప్పుతుందన్న చిక్కు ఉంది, దాన్ని సరిచేయడానికి అలైన్డ్-ఓవర్‌సెట్ అనే ప్యాకేజీయే ఉంది. కనీసం ఇందులో కారణం అంటుకున్నది గుర్తుకు, వివరణ దొరికింది వాక్యంలో. రెండూ సరైన చోట్లే. కన్ను పైకీ కిందికీ తిరగవలసి రావడం దీనికి చెల్లించే ధర.

కుడి కాలమ్ పక్షాన చెప్పదగిన గట్టి వాదన ఒకటుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. కారణాలన్నీ ఒక పక్కన ఉంటే తెలిసిన పాఠకుడు వాటిని చూడకుండా ఎడమ కాలమ్‌నే గబగబా చదువుకుంటూ పోతాడు. తెలియనివాడు ఆగి పక్కకు చూస్తాడు. ఒకే పేజీ ఇద్దరికీ పనికొస్తుంది. మధ్యలో మాటలు చొప్పిస్తే ఈ వేగం పోతుంది. వినడానికి బాగుంది. అయితే తెలిసిన పాఠకుడు చూడకుండా వదిలేసే కారణాల్లో ఎక్కువ భాగం అసలు రాయనక్కర లేనివి. త్రిభుజ అసమానత ఉదాహరణలో ఐదు అడుగులకూ కాలమ్ నింపితే వచ్చేవి ఇవి: నిర్వచనం, విస్తరణ, వాస్తవ భాగం పరమ మూల్యాన్ని మించదు, కోషీ-ష్వార్జ్, వర్గం. వీటిలో ఆ నిరూపణకు ప్రాణం ఒక్క కోషీ-ష్వార్జ్. మిగిలినవి ఆ స్థాయి పాఠకుడు కంటితోనే చేసుకోగలడు. కానీ కాలమ్ అంటూ తెరిచాక ఖాళీ గడి చూస్తే రచయిత చేయి ఊరుకోదు. ‘సూక్ష్మీకరించగా’ అని రాస్తుంది. ఐదు కారణాలూ ఒకే అక్షరంతో, ఒకే వరుసలో, ఒకే బరువుతో నిలబడినప్పుడు నిరూపణ ఎక్కడ మలుపు తిరిగిందో కనపడదు. తెలియని పాఠకుడికి కావలసింది ఆ మలుపు చూపించే చేయి. అన్నిటినీ సమానంగా వివరించే జాబితా వాడికి ఆ సాయం చేయలేదు. గొలుసును ఆ ఒక్క చోట తెంచి, ఇంటర్‌టెక్స్ట్‌తో ‘ఇప్పుడు కోషీ-ష్వార్జ్ అసమానతను మధ్య పదానికి వర్తింపజేస్తే’ అని ఒక వాక్యం పెట్టండి. తెలిసినవాడి వేగం తగ్గదు, తెలియనివాడికి దారి దొరుకుతుంది.

చోటు వాదన కూడా ఇక్కడే తేలిపోతుంది. మధ్యలో రాస్తే పేజీ పెరుగుతుందని, కాన్ఫరెన్సు పత్రానికి పేజీల పరిమితి ఉంటుందని అంటారు. డైక్‌స్ట్రా తీరులో ప్రతి అడుగుకూ ఒక వరస ఇస్తే పెరుగుతుంది, నిజమే. అందరూ ఆ తీరే పాటించాలని నేను అనను. అవసరమైన కారణాలే చెబితే ఐదింటికి బదులు ఒకటో రెండో వరసలు పెరుగుతాయి. ఇంటర్‌టెక్స్ట్ పైనా కిందా ఎక్కువ ఖాళీ వదులుతుందన్న ఫిర్యాదు సబబే. దానికి మ్యాథ్‌టూల్స్ ప్యాకేజీలో షార్ట్‌ఇంటర్‌టెక్స్ట్ ఉంది. ఇంకో మాట. పత్రాలు ఇప్పుడు కాగితం మీదకన్నా తెర మీదే ఎక్కువ చదువుతున్నారు. ఫోను తెర మీద వెడల్పైన సమీకరణం దానంతట అది విరగదు, పక్కకు జరిపి చూడాలి. అప్పుడు తెర బయట ముందుగా పడిపోయేది కుడి అంచున ఉన్నదే. మధ్యలో ఉన్న వాక్యం మామూలు పేరాలా తెర వెడల్పుకు సర్దుకోగలదు. చూపులేని పాఠకుడు చదివించుకునే సాఫ్ట్‌వేర్ వరసను ఎడమ నుంచి కుడికి చదువుతుంది: ముందు పొడవాటి రాశి అంతా వినాలి, అది ఎందుకు వచ్చిందో చివర తెలుస్తుంది.

తెలుగులో గణితం రాసేవాళ్లకు ఈ విషయంలో ఇంకా బలమైన కారణాలున్నాయి, ఎందుకో వాళ్లే దీన్ని పట్టించుకోరు. ఇంగ్లీషు పత్రాల అమరికను ఉన్నదున్నట్టు దించుకుంటారు. మన వాక్యంలో హేతువు ముందు వస్తుంది, తేలినది చివర వస్తుంది: ‘వాస్తవ భాగం పరమ మూల్యాన్ని మించదు కాబట్టి ఈ రాశి దానికన్నా పెద్దది కాదు.’ బడిలో పలక మీద రాసినా, నోటితో చెప్పినా ఇదే వరస. కారణాన్ని కుడి అంచుకు నెట్టేసరికి వాక్యం తలకిందులవుతుంది. ‘(3) వల్ల’ అన్న ముక్క క్రియ కోసం ఎదురుచూస్తూ పేజీ అంచున నిలబడిపోతుంది, దాని క్రియేమో ఎడమవైపు ఎప్పుడో అయిపోయింది. అచ్చు చిక్కులు వేరే. తెలుగు అక్షరాలు వెడల్పైనవి. పైగా గుడులూ కింద ఒత్తులూ కలిసి రోమన్ అక్షరాలకన్నా నిలువునా ఎక్కువ చోటు తీసుకుంటాయి. జీటెక్‌తోనో లూవాటెక్‌తోనో టైప్ చేసినప్పుడు, రెండు వరసల మధ్య దూరం ఒక పరిమితికన్నా తగ్గితే టెక్ మామూలు దూరాన్ని వదిలేసి వరసలను ఎడంగా జరుపుతుంది. ‘స్వీకృతం’, ‘కోషీ-ష్వార్జ్’ లాంటి మాట ఉన్న వరస ఒకలా, ‘(2) నుంచి’ అన్న వరస ఇంకోలా నిలబడతాయి, ఆ ఎగుడుదిగుడు గణితానికి చుట్టుకుంటుంది. అదే మాటలు వరసల మధ్య సొంత వాక్యంగా ఉంటే వాటి ఎత్తు వాటిదే, సమీకరణాల దూరం సమీకరణాలదే. తెలుగు మాధ్యమం కోసం నోట్స్ తయారుచేసేవాళ్లు ఇంగ్లీషు టెంప్లేటును దిగుమతి చేసుకునే ముందు ఇంతమాత్రం ఆలోచిస్తే బాగుండేది.

అయితే సమీకరణం పక్కన మాటే ఉండకూడదా? ఉండవచ్చు, వరసకు చెందిన మాటైతే. ‘సున్నాకన్నా పెద్దదైన ప్రతి పూర్ణాంకానికి’ అన్న నిబంధన ఆ సమీకరణంలో భాగం. అది లేకుండా సమీకరణం సగమే చెప్పినట్టు. గ్రాహమ్, నూత్, పటాష్నిక్‌ల ‘కాంక్రీట్ మ్యాథమెటిక్స్’లో పునరావృత సమీకరణాల పక్కన అలాంటి నిబంధనలు నిలబడే తీరు చూడండి, ఎంత హాయిగా ఉంటుందో. కేసెస్ ఎన్విరాన్‌మెంట్‌లో కుడివైపున్న షరతులూ అలాంటివే. విడివిడి సమీకరణాల జాబితాలో వాటి పేర్లు, భౌతికశాస్త్రంలో ఒక్కో నియమం పేరు, ఇవన్నీ వరసకే చెందుతాయి. అవి చిన్నవి, ఒక్కో వరసకు ఒక్కటే, పైవరసతో పని లేనివి. కుడి కాలమ్ వీటి కోసమే. ఇక్కడ అలైన్ పంచే ఖాళీ ఇబ్బంది పెడితే అలైన్‌ఎట్ వాడి దూరాన్ని రచయితే నిర్ణయించుకోవచ్చు.

మిగిలినదానికి వాక్యం ఉంది. 1987లో స్టాన్‌ఫర్డ్‌లో నూత్ నడిపిన గణిత రచన తరగతి పాఠాలు 1989లో పుస్తకంగా వచ్చాయి. వేర్వేరు సూత్రాల మధ్య మాటలు ఉండాలన్నది అందులో మొట్టమొదటి సూచనల్లో ఒకటి. సూత్రాల పక్కన మాటలు ఉండాలని కాదు, మధ్య అని. టెక్‌ను తయారుచేసినవాడే ఇలా చెబితే, టెక్ వాడేవాళ్లు ఆ మాటలను అంచుకు తోసి అదే స్పష్టత అనుకోవడం వింతే. పది వరసల గొలుసు రాసి పది కారణాలు వేలాడదీసిన నిరూపణను విప్పి చూస్తే, చాలాసార్లు అందులో మూడు చిన్న గొలుసులు, వాటిని కలిపే రెండు వాక్యాలు ఉంటాయి. ఆ రెండు వాక్యాలు ఏమిటో కనుక్కోవడమే రచయిత చేయవలసిన పని. కుడి కాలమ్ ఆ పని చేయకుండానే చేసినట్టు కనిపించనిస్తుంది, అందుకే అది అంత జనాదరణ పొందింది.

కాబట్టి గైడులూ, సంపాదకులూ, టెంప్లేట్లు తయారుచేసేవాళ్లూ విద్యార్థికి చెప్పవలసింది ఒకటుంది. అలైన్‌లో వరస చివర రెండు ఆంపర్‌సాండ్లు కొట్టే ముందు, రాయబోయే మాట ఈ వరసదా, లేక పైవరస నుంచి ఇక్కడికి వేసిన అడుగుదా అని చూసుకోమనండి. వరసదైతే పక్కన రాయమనండి. అడుగుదైతే ఇంటర్‌టెక్స్ట్ వాడమనండి, లేదా అలైన్‌ను అక్కడ మూసి ఒక వాక్యం రాయమనండి.